మూడో పలక

మిల్లింగ్ మెషీన్ ఇంట్లో పెట్టుకున్నవాళ్లు ముందుగా నేర్చుకోవాల్సిన పని ట్రామింగ్. తిరిగే స్పిండిల్ కింద బల్లకి నిటారుగా, సరిగ్గా 90 డిగ్రీల్లో ఉండాలి. మా గరాజ్‌లో ఉన్న చిన్న యంత్రానికి నేనీ పని అప్పుడప్పుడూ చేస్తుంటాను. స్పిండిల్‌కి డయల్ ఇండికేటర్ తగిలించి, చేత్తో తిప్పుతూ, బల్లకి ఎడమపక్క ఎంత చూపిస్తోంది, కుడిపక్క ఎంత చూపిస్తోంది అని చూడటం. తేడా 0.02 మిల్లీమీటర్లలోపు ఉంటే నా పనులకి చాలు. బోల్టులు బిగించాక మళ్లీ చూడాలి. ఆ బిగింపుకే తల కాస్త కదులుతుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. తలని బల్లతో సరిచూస్తున్నాను సరే, బల్ల చదునుగా ఉందని ఎవరు చెప్పారు? ఇంకో పలకతో చూడొచ్చు. మరి ఆ పలక? ఇలా వెనక్కి పోతే మొట్టమొదటి చదును ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

నీతి గురించి అడిగే ప్రశ్న కూడా ఇదే. పైనుంచి ఎవరూ కొలబద్ద ఇవ్వకపోతే తప్పొప్పులు తేలేదెలా? సులువైన జవాబొకటి వినిపిస్తుంది: ఇద్దరూ ఒప్పుకుంటే అదే ఒప్పు.

యంత్రాల వాళ్లు దీన్ని నమ్మరు. నిజమైన చదునుతలాల తయారీ మీద జోసెఫ్ విట్‌వర్త్ 1840లో గ్లాస్గోలో ఒక పత్రం చదివాడు. ఆయన పేరుతో ప్రసిద్ధమైన పద్ధతికి మూడు పలకలు కావాలి. రెండిటిని రంగు పూసి ఒకదానిమీద ఒకటి రుద్ది, ఎత్తుగా ఉన్నచోట గీకుతూ పోతే అవి చక్కగా అమరిపోతాయి. కానీ ఒకటి గుంటగా, రెండోది ఉబ్బెత్తుగా ఉన్నా అంతే చక్కగా అమరుతాయి. మూడోదాన్ని తెచ్చి రెండిటితోనూ పోల్చినప్పుడే ఆ గుట్టు బయటపడుతుంది. పలకల్ని 90 డిగ్రీలు తిప్పి కూడా చూడాలి, లేకపోతే మెలిక దాక్కుంటుంది. మూడిట్లో ఏదీ గురువు కాదు. మూడూ గీతలు పడాల్సిందే.

కట్నం మాటలు ఎక్కడ విన్నా నాకు ఆ మొదటి రెండు పలకలే గుర్తొస్తాయి. "అడిగేవాళ్లు అడిగారు, ఇచ్చేవాళ్లు ఇచ్చారు, మధ్యలో నీకేంటి బాధ?" అంటారు. గుంటకి ఉబ్బు సరిపోయింది, నిజమే. 1961 నాటి చట్టం తీసుకోవడాన్నే కాదు, ఇవ్వడాన్నీ నేరమంది. ఇరుపక్షాల ఒప్పందం దానికి సరిపోలేదు. మూడో పలక ఆ ఇంట్లోనే ఉంటుంది. పెళ్లికూతురు. ఆమెని అడగరు.

ఇనపపలక గీకించుకోనని అనదు. మనుషులు అంటారు, ముఖ్యంగా ఇద్దరికీ బాగా అమరిపోయాక. అప్పుడు మూడోదాన్ని తెచ్చి మధ్యలో పెట్టే పని ఎవరిది? అక్కడ కూర్చుని వింటున్న నాలాంటి వాళ్లదే అనుకుంటాను.