ధాతువు

నందిగామలో ముప్ఫై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పాను. అమ్మ అస్థికల ముంత ఒళ్లో పెట్టుకుని వేదాద్రికి బయల్దేరిన రోజున ఆ పాఠమే నాకు ఎదురు తిరిగింది.

ముంతలో ఉన్నది చాలావరకు కాల్షియం ఫాస్ఫేట్. కర్బనం, హైడ్రోజన్, నైట్రోజన్ చితి మీదే గాలిలో కలిసిపోయాయి. ఆ కాల్షియమే జగ్గయ్యపేట సున్నపురాయిలోనూ ఉంది; సిమెంటు ఫ్యాక్టరీలకు లారీల్లో పోతోంది. మరి అమ్మ ఏది?

జగ్గయ్యపేట అనగానే దాని దగ్గరి ధనబోడు గుర్తొచ్చింది. 1882లో పురావస్తు శాస్త్రవేత్త బర్జెస్ తవ్వించిన బౌద్ధస్తూపం. బౌద్ధులకు ధాతువంటే బుద్ధుడి అస్థి. ఆయుర్వేదంలో రక్తమాంసాలూ ధాతువులే. వ్యాకరణంలో క్రియకు మూలం. ఆత్మ లేదన్నవాళ్లు ఎముక ముక్కకి ఇంత రాతికట్టడం కట్టారేమిటని క్లాసులో నవ్వేవాణ్ని. ఒళ్లో ముంత ఉన్నప్పుడు నవ్వు రాలేదు.

ముంతలోని ఫాస్ఫేట్ మరో పాఠాన్ని గుర్తు చేసింది. మన భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు, తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి చెప్పాడు, 1929లో కండరంలో ఏటీపీ అనే ఫాస్ఫేట్ అణువుని పట్టుకున్నాడు. ఎముకలో గట్టిపడిన ఫాస్ఫేటే కండరంలో శక్తిని మోస్తుంది. ఒంట్లో ఏ క్షణాన చూసినా ఏటీపీ కొన్ని పదుల గ్రాములే; విరిగి, మళ్లీ అతుక్కుని, రోజు మొత్తానికి దాదాపు మనిషి బరువంత ఏటీపీ చేసే పని చేస్తుంది. అంటే కల్లంలో మిరపకాయలు తిరగేసిన అమ్మలో ఆ కాస్త పదార్థమే పొద్దుట నుంచి సాయంత్రం దాకా తిరుగుతూనే ఉంది. నేను అమ్మా అని పిలిచింది పదార్థాన్ని కాదేమో, ఆ తిరగడాన్ని.

పంతులుగారు గోత్రం అడిగారు, చెప్పాను. ముంత వంచాను. తెల్ల ముక్కలు కృష్ణలో మునిగాయి. తడి అరచేతికి కొంచెం బూడిద అంటుకుని ఉండిపోయింది.

"అన్నయ్యా, చెయ్యి కడుక్కో," అన్నాడు తమ్ముడు.

"ఉండరా," అన్నాను.