అదే వస్తుంది

మదనపల్లె

చిన్నోడికి తాత దీవెనలు.

నువ్వు పంపిన ఫోటో మీ అవ్వ ఫోన్‌లో చూశాను. పుంగనూరు ఆవు మెడ చుట్టూ చేతులేసి నవ్వుతున్నావు. ఆవు మాత్రం చెవులు వెనక్కి పెట్టి, తల అటు తిప్పుకుంది. అది నువ్వు చూసుకున్నట్టు లేదు.

2024 సంక్రాంతికి ప్రధాని తన ఇంట్లో వీటికి మేత పెట్టిన ఫోటోలు దేశమంతా చూసింది. ఇప్పుడు ఏ ప్రదర్శనలోనైనా గుంపంతా దీని చుట్టూనే. ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు, ముచ్చటే మరి. కానీ మా నాయన తరం దీన్ని మేపింది పొట్టిదని కాదు. వాన మొహం చాటేసిన ఏడు కూడా ఎండుగడ్డితో నెట్టుకొచ్చేది. పాలు కొన్నే, వెన్న 8 శాతం దాకా. కరువు సీమకు సరిపోయిన ఆవు. జెర్సీలొచ్చాక కనుమరుగైపోబోతే పలమనేరు పరిశోధన కేంద్రం కాపాడుకుంటూ వచ్చింది. ఇప్పుడేమో ఎంత పొట్టిదైతే అంత ధరట!

ఆవు ఇష్టం చూడకపోవడంలో నేను మాత్రం తక్కువ తిన్నానా? నీ వయసులో పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతరకు పోయి, బండి పక్కన కట్టేసిన దూడ తోక మెలిపెట్టాను. ఆసామి కొట్టలేదు. నా చెయ్యి పట్టుకుని దాని ముందర చాపించి, "కదలొద్దు, అదే వస్తుంది" అన్నాడు. బొరుగులు, మిఠాయి, రంగులరాట్నం అన్నీ మరిచి నిలబడ్డాను. చివరికి గరుకు నాలుకతో మోచేతి దాకా నాకింది. ఆ ఏడు జాతరలో ఇంకేం చూశానో ఒక్కటీ గుర్తులేదు.

మే నెలలో కుప్పం గంగమ్మ జాతరకు వస్తావుగా. అక్కడికి దగ్గర్లోని గుడివంకలో అగస్త్య సంస్థ వాళ్ల 172 ఎకరాల సైన్సు క్యాంపస్ కూడా చూపిస్తాను. అక్కడి నమూనాలు తాకడానికే పెట్టారు. తిప్పు, విప్పు, మళ్లీ బిగించు. పల్లె బడి పిల్లలే తోటి పిల్లలకు వివరిస్తారు. వాళ్లు చెప్పేటప్పుడు మధ్యలో నీ ఇంగ్లీషు దూర్చకు. జాతరలో మాత్రం తెలుగు, తమిళం, కన్నడం కలగలిసిన తోపులాట. అమ్మవారి విశ్వరూప దర్శనం అయ్యేదాకా నీ చెయ్యి నా చేతిలోనే ఉండాలి.

పుంగనూరు మీదుగానే పోతాం, దోవలో ఆవును చూడ్డానికి ఓ గంట ఆగుదాం. జేబులో బెల్లం ముక్క వేసుకో, ఆసామిని అడిగాకే పెట్టు. ఫోన్ మీ అవ్వ దగ్గర వదిలెయ్.

తాత