దూరం చెప్పే అల

వేసవిలో ఒక్కోసారి విశాఖ తీరాన గాలి ఆడదు, ఆకు కదలదు. బంగాళాఖాతంలో ఎక్కడా వాయుగుండం ఊసు ఉండదు. అయినా కడలి మీద పొడవాటి అలలు ఒకదాని వెనక ఒకటి తొందర లేకుండా వస్తూనే ఉంటాయి. ఒక అల నెత్తి దాటాక మరో అల నెత్తి రావడానికి 15 సెకన్లు, ఒక్కోసారి 20 సెకన్లు. అంత ఎడం ఉన్న అల ఇక్కడి చిరుగాలికి పుట్టదు. దాని పుట్టిల్లు భూమధ్యరేఖకు ఆవల, దక్షిణ హిందూ మహాసముద్రంలో, 40 డిగ్రీల అక్షాంశం కూడా దాటాక ఉంటుంది. అడ్డుకునే నేల దాదాపు లేక పడమటి గాలులు ఏడాది పొడవునా నీటిని చరిచే చోటు అది.

అక్కడి నీరు అక్కడే ఉంటుంది. ప్రతి బొట్టూ ఉన్న చోటనే దాదాపు ఒక వలయం తిరిగి, తన కదలికను పక్కదానికి అందిస్తుంది. సుమారు 7,000 కిలోమీటర్లు దాటి మన ఒడ్డు చేరేది ఆ కదలిక ఒక్కటే. చేతికి చిక్కని ఆ వస్తువు అంత దూరం చెదరకుండా రావడమే అద్భుతం. తను ఎంత దూరం నుంచి వచ్చిందో కూడా చెప్పగలగడం అంతకు మించిన అద్భుతం.

అక్కడ రేగే తుపాను నడిబొడ్డున చిన్నా పెద్దా అలలన్నీ కలగాపులగంగా పుడతాయి. ప్రయాణంలోనే వాటికి వరస ఏర్పడుతుంది. లోతు నీటిలో పొడవైన అలది వేగం, పొట్టి అలది వెనకబాటు. 20 సెకన్ల అలల గుంపు గంటకు 56 కిలోమీటర్లు సాగితే, 15 సెకన్లది 42 దగ్గరే ఆగుతుంది. ఒకే ఊళ్లో ఒకేసారి బయలుదేరిన సైకిలూ ఎడ్లబండీ మన గుమ్మం ముందు ఎంత తేడాతో దాటాయో చూస్తే ఆ ఊరి దూరం తెలిసిపోదూ? ఇదీ అదే లెక్క. 20 సెకన్ల అలలు మొదలైన 40 గంటలకు 15 సెకన్లవి వస్తే తుపాను రమారమి 7,000 కిలోమీటర్ల దూరాన రేగింది. 20 గంటలకే వస్తే అందులో సగం దూరాన.

ఈ లెక్కను సముద్రం మీద పరీక్షకు పెట్టినవాడు సముద్ర శాస్త్రవేత్త వాల్టర్ మంక్. 1917లో వియన్నాలో పుట్టి, కాలిఫోర్నియాలో స్థిరపడి, 101 ఏళ్లు బతికిన ఆయన పేరు తలిస్తే నాకు చేతులు జోడించాలనిపిస్తుంది. మెక్సికోకు పడమరనున్న గ్వాడలూప్ దీవి దగ్గర ఆయన, సహచరుడు ఫ్రాంక్ స్నాడ్‌గ్రాస్ కలిసి కొలిచిన అలల్లో కొన్నింటి జాడ హిందూ మహాసముద్రం దాకా వెళ్లింది. అంటే దాదాపు భూగోళానికి అవతలి వైపు! 1963లో న్యూజీలాండ్ నుంచి అలాస్కా దాకా పసిఫిక్ పొడవునా ఆరు చోట్ల కాపలా పెట్టి, అంటార్కిటికా వైపు తుపానుల అలలను వెంబడించారు. దీవి దొరకని చోట ఫ్లిప్ అనే 108 మీటర్ల నౌకను నీటిలో నిట్టనిలువుగా నిలబెట్టారు. భూమధ్యరేఖ దగ్గరి వ్యాపార పవనాలు రేపే అలజడిలో ఈ అలలు చెదిరిపోతాయేమో అన్న అనుమానం ఉండేది. అవి చెదరలేదు. తుపాను పొలిమేర దాటిన పొడవైన అల అలాస్కా చేరేదాకా విస్తరించి పలచబడిందే కానీ, తన బలంలో పోగొట్టుకున్నది బహు స్వల్పం.

పోయేదంతా ముందే పోతుంది. వానచినుకు లేపిన ముడత నీటి జిగటకే క్షణాల్లో అణగిపోతుంది. పొట్టి అలలు తుపాను పరిసరాల్లోనే విరిగి నురగవుతాయి. ఏ గాలి ఏ క్షణాన ఎటు వీచిందన్న వివరాలు వాటితోనే మాసిపోతాయి. ఆ రణగొణ అణగబట్టే మిగిలిన కబురు స్పష్టంగా వినిపిస్తుంది: ఏ దిక్కు, ఎంత దూరం, ఎప్పుడు. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఈ దూరపు అలల రాకను ముందే లెక్కగట్టి, ఎండ కాస్తున్న ఊళ్లకు సైతం హెచ్చరిక పంపుతుంది, పడవకూ పడవకూ ఎడం ఉంచి లంగరు వేసుకోమంటుంది. ఎక్కడో రేగిన గాలి మన మత్స్యకారుడి పడవను కాపాడే కబురుగా మారడం చిన్న సంగతా!

ఒడ్డున విరిగాక అల పని అయిపోయిందనుకుంటాం. అందులో చాలా భాగం వేడిగా, హోరుగా మారిపోయే మాట నిజమే. కానీ ఒడ్డు తగిలి వెనుదిరిగిన అలలు ఎదురుగా వచ్చే అలలతో కలిసినచోట నీటి ఒత్తిడి సముద్రగర్భం దాకా దిగి నేలను కదిలిస్తుంది. అలల వ్యవధి 20 సెకన్లయితే ఆ కంపనానిది 10. ఖండాల నడిమధ్య ఉన్న భూకంప లేఖినులు కూడా ఈ సన్నని వణుకును రాత్రింబవళ్లు నమోదు చేస్తాయి. భూకంప శాస్త్రజ్ఞులు చాలాకాలం దాన్ని పనికిరాని సద్దుగా పక్కనపెట్టారు. 2005లో అదే సద్దును ఆధారం చేసుకుని, ఒక్క భూకంపం కోసమూ ఎదురుచూడకుండా, కాలిఫోర్నియా అడుగున భూమి పైపొర నిర్మాణానికి పటం గీశారు.