సబ్ర్ ఒక్కరి వంతేనా?

రోగిని పరామర్శించటం ఒక ముస్లింపై మరో ముస్లింకు ఉన్న హక్కు. ఈ హక్కును మనం చాలావరకు నెరవేరుస్తూనే ఉన్నాం. పండ్లు తీసుకెళతాం, దుఆ చేస్తాం, లేచేటప్పుడు ఇంటివారితో "సబ్ర్ చెయ్యండి" అంటాం. మంచి మాటే. కాని ఆ సబ్ర్ బరువంతా ఎవరి భుజాలపై ఉందో గమనిస్తున్నామా?

మోటార్ న్యూరాన్ వ్యాధినే తీసుకోండి. కండరాలను కదిలించే నాడీకణాలు ఇందులో క్రమంగా నశిస్తాయి. మొదట చెయ్యో, కాలో, నాలుకో పట్టు తప్పుతుంది. తర్వాత మింగటం, చివరకు ఊపిరి తీసుకోవటం కూడా కష్టమవుతుంది. చూపు, వినికిడి మాత్రం సాధారణంగా నిలిచే ఉంటాయి. దీన్ని పూర్తిగా నయం చేసే మందు ఇంతవరకు లేదు.

అలాంటి రోగి తనంతట తాను పక్కకు ఒత్తిగిల్లలేడు. ముఖం మీద దోమ వాలినా తోలుకోలేడు. అర్ధరాత్రి గొంతులో ఉమ్మి అడ్డుపడితే ఎవరో ఒకరు వెంటనే లేవాలి. ఇది నాలుగు రోజుల జ్వరం కాదు, నెలలు, ఏళ్ళ తరబడి సాగే సేవ. అనేక ఇళ్ళలో ఇదంతా భార్య మీదో, కోడలి మీదో పడుతుంది. ఆమె ఏనాడైనా "ఇక నా వల్ల కావటం లేదు" అంటే, అల్లాహ్ ఎవరిపైనా శక్తికి మించిన భారం వేయడని గుర్తుచేస్తాం.

అల్లాహ్ వాగ్దానం ముమ్మాటికీ సత్యం. కాని అల్లాహ్ వేసిన భారం వేరు, మనం తప్పుకోవటం వల్ల ఆమెపై పడిన భారం వేరు. రెండో దానికి జవాబు చెప్పుకోవలసింది మనమే.

హిజ్రీ 2వ సంవత్సరంలో (క్రీ.శ. 624) బద్ర్ యుద్ధం జరిగినప్పుడు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) కుమార్తె హజ్రత్ రుఖయ్యా (రజి) జబ్బుపడి ఉన్నారు. ఆమె సేవకోసం భర్త హజ్రత్ ఉస్మాన్ (రజి)ను మదీనాలోనే ఉండమన్నారు ప్రవక్త. బద్ర్ యోధుల పుణ్యంలోనూ, యుద్ధసొత్తులోనూ ఆయనకు వాటా ప్రకటించారు. అంటే రోగి సేవ ఆడవారికే పరిమితమైన పని కాదు. దాని స్థాయి కూడా చిన్నది కాదు.

మరి యుద్ధరంగంలో ఒక్కరే రేయింబవళ్ళు కాపలా కాస్తారా? దివ్య ఖుర్‌ఆన్ (నిసా సూరా, 102) అక్కడ నమాజును సైతం వంతులవారీగా చేయమంది. ఒక జట్టు నమాజులో ఉంటే మరో జట్టు కాపలాలో ఉండాలి. వంతు మారటం సహనలోపం కాదు, అది షరీఅత్ నేర్పిన పద్ధతి.

తల్లిదండ్రుల సేవ ముందుగా వారి కొడుకులు, కూతుళ్ళ బాధ్యత. కోడలు చేస్తే అది ఆమె ఇహ్సాన్, తీర్చవలసిన అప్పు కాదు.

కనుక ఈసారి పరామర్శకు వెళ్ళినప్పుడు రోగిని ఎలా పక్కకు తిప్పాలో, ఎలా తినిపించాలో ఇంటివారిని అడిగి నేర్చుకుందాం. మగవారికి మగవారు, ఆడవారికి ఆడవారు వంతు తీసుకుందాం. "ఈ రాత్రి మేముంటాం, మీరు పడుకోండి" అందాం. సబ్ర్ చెయ్యమని చెప్పే అర్హత అప్పుడే మనకు వస్తుంది.

అల్లాహ్ మనందరికీ ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.