పాలు కారిన కొమ్మ

లాల్‌దర్వాజాలో ఒక దర్జీ ఉండేవాడు. సింహవాహిని మహంకాళి గుడికి రెండు గల్లీల అవతల ఇల్లు. ముందు గదిలో కుట్టుమిషను, వెనక చారెడు వాకిలి. ఆ వాకిట్లో అత్తగారు తెచ్చి నాటించిన అంటు సపోటా ఉండేది. నాలుగో ఏటికల్లా కాపు పట్టింది. పండు తిన్నవాళ్లు గింజలు దాచుకుని పోయేవాళ్లు. గింజ వేస్తే ఇదే పండు కాస్తుందన్న నమ్మకం లేదమ్మా అని ఆవిడ చెప్పినా ఎవరూ వినలేదు.

ఒక ఎండాకాలం బోరు అడుగంటింది. సపోటాకు నీళ్లు తప్పాయి. అదే వేసవిలో దర్జీ చెట్టు చుట్టూ అరుగు కట్టించి, మొదలంతా మట్టితో నింపించాడు. సాయంత్రాలు కూర్చోవడానికి హాయిగా ఉంది. చెట్టు మాత్రం ఆకు రాల్చి, పైన సగం ఎండి, వైద్యుడి కోసం ఎదురుచూసే మనిషిలా నిలబడింది.

తొలకరి పడింది. చెట్టు మొదలు దగ్గర మట్టిని చీల్చుకుని రెండు కొమ్మలు లేచాయి. నిటారుగా, నిగనిగలాడుతూ.

అంతలో బోనాలు వచ్చాయి. గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి దాటి, ఆషాఢం చివరికి లాల్‌దర్వాజా చేరే పండుగ. ఇంటినిండా చుట్టాలు. బోనం కుండకు వేపరెమ్మలు కొయ్యాలని దర్జీ చేతిరంపం బయటికి తీశాడు. బావమరిది సపోటా చుట్టూ ఒక తిరుగుడు తిరిగి తీర్పు చెప్పేశాడు.

“ఇంకేం జూస్తున్నవు బావా? ముసలి కొమ్మల పని అయిపోయింది. కింద కొత్త జీవం పుట్టింది. పైదంతా తీసేయ్, జోరు మొత్తం దీనికే వస్తది.”

దర్జీ కూతురు, ఏడో తరగతి పిల్ల, కొత్త కొమ్మ ఆకొకటి తెంపి చూసింది. “నాయినా, గీ ఆకు మన చెట్టు ఆకు లెక్క లేదు. కొసకు గోరుతోని గిల్లినట్టున్నది.”

తెంపిన చోట తెల్లగా పాలు ఊరాయి. దర్జీ పాత కొమ్మ నుంచీ ఒక ఆకు తెంపాడు. అక్కడా పాలే.

“చూసినవా బిడ్డా? పాలు కారుతున్నయ్. మన చెట్టే.”

వేపరెమ్మల కోసం తీసిన రంపం సపోటా మీద పడింది.

కొత్త కొమ్మలు ఏటేటా ఎదిగాయి. దర్జీ రోజూ నీళ్లు పోశాడు. ఎన్నేళ్లకో ఒక వేసవిలో కాపు వచ్చింది. కొమ్మల నిండా పసుపుపచ్చని పండ్లు, ఒక్కోటి వేపపండంత.

శాలిబండ నుంచి ముసలి మాలిని పిలిపించాడు. ఆయన పండ్ల వంక చూడనే లేదు. అరుగు మీద గొంతుక్కూర్చుని మొదట్లో మట్టి తవ్వాడు. జానెడు లోతున మోకాలిచిప్పలా ఉబ్బిన బుడిపె బయటపడింది. దాని మీద రంపం కోసిన మోడు, ఎండిపోయి ఉంది. బుడిపె కింద నుంచి పుట్టాయి ఆ రెండు కొమ్మలూ.

“ఇది అతుకు. దీని మీద సపోటా, దీని కింద పాలచెట్టు. నువ్వు సపోటాను కోసి పాలకు నీళ్లు పోసినవ్.”

“రెంటికీ పాలు కారినయ్ గద చాచా?”

“మర్రికీ కారుతయ్. జిల్లేడుకూ కారుతయ్.” మాలి చేతులు దులుపుకున్నాడు. “గిరాకీ తెచ్చిన షేర్వానీని తిరగేసి కుట్టు చూడంది నువ్వు ముట్టవు. చెట్టు కుట్టును మాత్రం మట్టిల బెట్టినవ్.”

దర్జీకి కోపమొచ్చింది. పాలను వేర్లతో సహా పీకేయిస్తానన్నాడు. మాలి ఒప్పుకోలేదు. “నీళ్లు లేని ఏడు కూడ చావకుండ నిలబడ్డది ఇదే. దీని తప్పేముంది?” రెండు కొమ్మల్లో ఒకటి తీసేశాడు. రెండోదాని మీద, మంచి కాపున్న సపోటా నుంచి తెచ్చిన పుల్లను అంటుకట్టి, ప్లాస్టిక్ పట్టీ చుట్టాడు. అతుకు కింద వచ్చే చిగుళ్లను గిల్లే పని దర్జీకి కాకుండా ఆయన కూతురికి అప్పజెప్పాడు.

నీతి: జోరుగా పెరిగిందల్లా మనం నాటినది కాదు. కొమ్మను మెచ్చుకునే ముందు అది అతుకుకు పైన పుట్టిందో కింద పుట్టిందో చూడాలి.

కథ విన్నవాళ్లు సాధారణంగా బావమరిదిని తిడతారు. నాకు దర్జీ మీదే కోపం. కూతురు తేడా చూపిస్తే ఆయన పోలిక చూపించాడు. మనకు నచ్చినదాని విషయంలో పోలిక ఒక్కటి దొరికితే చాలు, సోదా అక్కడితో ఆపేస్తాం. పైగా ఆ పోలిక అబద్ధమూ కాదు. సపోటా మెక్సికో వైపు నుంచి వచ్చిన చెట్టు, పాల మన అడవులది. రెండూ ఒకే కుటుంబం కనకే ఒకదాని మీద ఒకటి అంటు పడుతుంది. అతుకు పట్టించిన చుట్టరికమే దర్జీ కళ్లూ కప్పింది.

సపోటా అయితే ఆకన్నా సాక్ష్యం చెబుతుంది: పాల ఆకు కొస నొక్కుపడి ఉంటుంది, సపోటా ఆకు కొస సన్నబడుతుంది. బత్తాయికి రంగపూర్ నిమ్మను వేరుమూలంగా వాడినచోట, కింది కొమ్మను వదిలేస్తే నారింజరంగులో పుల్లటి కాయలు కాస్తాయి. మామిడిలో ఆ సదుపాయం తక్కువ. కిందా మామిడే, పైనా మామిడే, ఆకు చూసి తేల్చడం ఆరితేరిన మాలికీ కష్టం. గులాబీకి ఏడాకులుంటే అడవిదని చెప్పే లెక్కను నమ్మి మంచి కొమ్మలు కోసుకున్నవాళ్లున్నారు. తోటగులాబీలు చాలావాటికి ఏడాకులు వస్తాయి. వీటన్నిటిలో మాట మార్చని సాక్షి ఒక్కటే, కొమ్మ పుట్టిన చోటు.

మీ ఇంట్లో అంటు చెట్టుంటే ఈ వానలకు ఒకసారి వంగి మొదలు చూడండి. అతుకు మీద మట్టి ఉంటే తీసేయండి. దాని కింద లేచిన చిగురును లేతగా ఉన్నప్పుడే బొటనవేలితో ఒలిచేయండి, ముదిరితే కత్తి కావాలి. ఇప్పటికే ఆలస్యమై పసుపు పండ్లు కాసి ఉంటే మాత్రం పారబోయకండి. పాలపండ్లు తియ్యగా ఉంటాయి.