సంవత్సరాంతమున నాయకులను జ్ఞాపకము చేసికొనుట

ధ్యాన భాగములు: 2 దినవృత్తాంతములు 26వ అధ్యాయము, యెషయా 6:1–8, 1 తిమోతి 2:1–4



సంవత్సరము ముగియుచున్నది. క్రిస్మస్ నక్షత్రము ఇంకను మన ఇండ్లమీద వ్రేలాడుచున్నది. కళ్లములలో ధాన్యము రాశులుగా ఉన్నది. ఈ దినములలో మనుష్యుని హృదయము కొంత మెత్తబడును. వార్తాపత్రికలు ఆ యేట గతించిన పెద్దల బొమ్మలను పుట నిండ అచ్చువేయును. బ్రతికియున్న నాయకులు మనకు నూతన సంవత్సర శుభములు పలుకుదురు. ఆ ముఖములను చూచినప్పుడు మనకు కన్నీరు వచ్చును, ఆశయు కలుగును. వచ్చే యేడు వీరివలన మనకు మేలు జరుగునని అనుకొందుము. అయితే సంక్రాంతి దాటకమునుపే ఆ కన్నీరు ఆరిపోవును. మెచ్చుకొనిన నోటితోనే మరల తిట్టుచుందుము. ఈ కన్నీటిని, ఈ ఆశను క్రైస్తవుడు ఏమి చేయవలెను? నేడు దీనినే ధ్యానింతము.

2024వ సంవత్సరము డిసెంబరు 31వ తేది సాయంకాలము నేను రాత్రి ఆరాధన నిమిత్తము ఒక గ్రామ సంఘమునకు వెళ్లితిని. అంతకు అయిదు దినములు ముందుగా, 26వ తేదిన, మన దేశమునకు పది సంవత్సరములు ప్రధానమంత్రిగానుండిన డాక్టరు మన్మోహన్ సింగు గారు ఢిల్లీలో మృతినొందిరి. గుడి అరుగుమీద కూర్చున్న ఒక ముసలి తల్లికి ఆమె మనుమడు సెల్‌ఫోనులో ఆయన బొమ్మ చూపించెను. ఆమె చాలసేపు దానిని చూచి, “ఈయనే గదా మనకు కరువు పని తెచ్చిన తలపాగా ఆయన” అని పైటకొంగుతో కన్నులు తుడుచుకొనెను. గ్రామములలో పని లేనివారికి పని కల్పించు చట్టము 2005లో చేయబడెను. 2006 ఫిబ్రవరి 2న ఆయన మన అనంతపురము జిల్లాకు వచ్చి బండ్లపల్లి గ్రామములో ఆ పనిని ప్రారంభించెను. మొదట 200 జిల్లాలలో ప్రతి గ్రామీణ కుటుంబమునకు ఏటికి 100 దినములవరకు పని ఇచ్చుటకు ఏర్పాటు జరిగెను. ఈ తల్లియు ఆ పనిలో చెరువు పూడిక తీసినది, తట్ట మోసినది.

ఆమె నావైపు తిరిగి, “ఆయన పోయినాడు. ఇక మాబోటి వాళ్లను చూసేదెవరు అయ్యగారూ?” అని అడిగెను. నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. సంచిలోని బైబిలు తీసి యెషయా గ్రంథము ఆరవ అధ్యాయము తెరిచితిని. ఉజ్జియా రాజు చనిపోయిన యేడు యెషయాకు కలిగిన దర్శనము అక్కడ వ్రాయబడియున్నది. ఈ తల్లి అడిగిన ప్రశ్ననే ఆ యేట యెరూషలేములో అనేకులు అడిగియుందురు గదా!

మొదటిది: చేసిన మేలును కృతజ్ఞతతో ఒప్పుకొనవలెను.

ఉజ్జియా 16 ఏండ్ల ప్రాయమున రాజై 52 సంవత్సరములు యేలెను. అతడు చనిపోవునాటికి యెరూషలేములో అనేకులకు మరియొక రాజు ఎట్లుండునో తెలియదు. అతడు కోటలు కట్టించెను, శత్రువులను జయించెను. అయితే మన రైతులు గురుతుంచుకొనవలసిన మాట మరియొకటి కలదు. అతనికి నేల యనిన ఇష్టము. అరణ్యములో నీటి నిమిత్తము గుంటలు త్రవ్వించెను, మందలను మేపించెను, సేద్యగాండ్రను, ద్రాక్షతోటలవారిని పోషించెను. పరిశుద్ధ గ్రంథము రాజు గెలిచిన యుద్ధముల ప్రక్కనే అతడు త్రవ్వించిన నీటి గుంటలను లెక్కపెట్టినది. కావున పేదల దప్పిక తీర్చిన నాయకుని తలంచి కంటతడి పెట్టుట పాపము కాదు. ఆ ముసలి తల్లి కన్నీరు దేవుని యెదుట కృతజ్ఞతార్పణమే.

రెండవది: సత్యమును దాచకూడదు.

ఉజ్జియా కథ నీటి గుంటలతో ముగియలేదు. బలము వచ్చిన తరువాత అతని హృదయము గర్వించెను. యాజకులకు మాత్రమే తగిన ధూపము తానే వేయుటకు దేవాలయములో ప్రవేశించెను. అజర్యా యను యాజకుడును అతనితో కూడ ఎనుబదిమంది యాజకులును రాజును ఎదిరించి, ఇది నీ పని కాదని చెప్పిరి. రాజు కోపించగా అతని నొసట కుష్ఠము పుట్టెను. అది మొదలు చనిపోవువరకు అతడు ప్రత్యేకముగా ఒక ఇంటిలో నివసించెను.

ప్రియులారా, గ్రంథము ఆ నీటి గుంటలనుబట్టి కుష్ఠమును దాచలేదు, కుష్ఠమునుబట్టి నీటి గుంటలను పూడ్చలేదు. మనమైతే ఈ రెండింటిలో ఒకటి చేయుదుము. మన పక్షపువాడైతే తప్పులన్నియు పూడ్చివేయుదుము. ఎదుటి పక్షపువాడైతే మేళ్లన్నియు పూడ్చివేయుదుము. మన తెలుగువారైన పీ.వీ. నరసింహారావు గారు 2004 డిసెంబరు 23న, క్రిస్మస్‌కు రెండు దినములు ముందుగా, కన్నుమూసిరి. 1991లో దేశము అప్పులతో కుంగియున్నప్పుడు ప్రధానియై, మన్మోహన్ సింగు గారిని ఆర్థిక మంత్రిగా నియమించి, దేశమును ఆ ఆపదనుండి దాటించెనని ఆయనను కొనియాడువారున్నారు. 1992 డిసెంబరు 6న అయోధ్యలో మసీదు కూల్చబడుటను ఆపలేకపోయెనని నిందించువారును ఉన్నారు. ఆయన గతించిన తరువాత ఇరువది యేండ్లకు, 2024లో, దేశము ఆయనకు భారతరత్న ఇచ్చెను. మన్మోహన్ సింగు గారి నెమ్మదిని మెచ్చుకొనువారున్నారు. తన ప్రభుత్వములోని అవినీతిని గట్టిగా అడ్డలేదని తప్పుపట్టువారును ఉన్నారు. నాయకులు మనుష్యులే. వారిని దేవతలుగా చేయువాడు మొదట వారికే కీడు చేయును. ఉజ్జియాకు నిజమైన స్నేహితులెవరు? అతని చుట్టు నిలిచి పొగడినవారు కారు, అడ్డు నిలిచిన ఆ యాజకులే.

మూడవది: ఆశను ఖాళీ కాని సింహాసనముమీద ఉంచవలెను.

ఆ యాజకుని పేరే ధరించిన ఒక దైవజనుని మన తెలుగు సంఘములు ఎరుగును. ఆయన దోర్నకల్ బిషప్పు అజరయ్య గారు. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడైయుండి, 1909లో సువార్త నిమిత్తము దోర్నకల్ వచ్చి, తెలుగు పల్లెలను తన సొంతము చేసికొనెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్పుగా అభిషేకము జరిగెను. ఆంగ్లికను సంఘమునకు బిషప్పైన మొదటి భారతీయుడు ఆయనే. పేదల వాడలలో తిరిగి 32 సంవత్సరములు సంఘమును కాచెను. దక్షిణ దేశపు సంఘములు ఏకము కావలెనని యేండ్ల తరబడి పాటుపడెను. అయితే 1945 జనవరి 1న, నూతన సంవత్సరపు మొదటి దినముననే, ప్రభువు ఆయనను పిలుచుకొనెను. ఆనాడు మన పితరులు ఎంత దుఃఖించియుందురో! తమ కాపరి లేని యేటిలోనికి వారు అడుగుపెట్టిరి. కాని పని ఆగలేదు. ఆయన చూడగోరిన దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడెను. పనివాడు వెళ్లిపోయెను, పని యజమానుడు మాత్రము ఎక్కడికిని వెళ్లలేదు.

యెషయా చూచినదియు ఇదే. క్రింద రాజు సింహాసనము ఖాళీయైన యేటనే పైన ఖాళీ కాని సింహాసనమును చూచెను. చూచినవెంటనే అతడు, తరువాతి రాజు మంచివాడేనాయని అడుగలేదు. తన పెదవులు అపవిత్రమైనవని కేక వేసెను. కుష్ఠరోగి పై పెదవి కప్పుకొని తాను అపవిత్రుడనని బిగ్గరగా చెప్పుకొనవలెనని ధర్మశాస్త్రము విధించినది గదా. రాజు నొసటిమీది కుష్ఠమును ఊరంతయు ఎరుగును. ప్రవక్త తన పెదవులమీది కుష్ఠమును కనుగొనెను! నాయకుల పాపములను రచ్చబండ యొద్ద లెక్కపెట్టు మన పెదవులెట్లున్నవి? ఓటుకు రూకలు పుచ్చుకొనిన చేతులెవరివి? యెషయా పెదవులకు నిప్పు తగిలి అవి శుద్ధియైన తరువాతనే దేవుని పిలుపు వినబడెను. అప్పుడతడు, ఎవరైన వచ్చి మమ్మును చూచుకొందురని కూర్చుండక, తన్నే పంపుమని ముందుకు వచ్చెను. సంవత్సరాంతపు ఆశకు ఇదే సరియైన మార్గము.

ఇక ఆ రాత్రి జరిగిన సంగతి చెప్పి ముగింతును. ఆ సంఘములో పంచాయతీ ఎన్నికలు జరిగినది మొదలు రెండు వర్గములు ఏర్పడినవి. ఒక వర్గమువారు కుడివైపున, మరియొక వర్గమువారు ఎడమవైపున కూర్చుందురు. బల్లయొద్దకు వచ్చినను ఒకరినొకరు పలుకరించుకొనరు. నేను 1 తిమోతి రెండవ అధ్యాయము చదివి, విగ్రహములను పూజించు రోమా చక్రవర్తులు యేలిన దినములలోనే పౌలు అధికారులందరికొరకు ప్రార్థింపుమని హెచ్చరించెనని చెప్పితిని. “మీరు ఓటు వేయని నాయకునికొరకు ఎవరైనను ప్రార్థించుడి” అని అడిగితిని. చాలసేపు ఒక్క గొంతుకయు లేవలేదు. అప్పుడా ముసలి తల్లి గోడ పట్టుకొని లేచి నిలిచెను.

“ప్రభువా, మా సర్పంచిని దీవించు. మా వీధికి నీళ్లు రానీయలేదని నేను తిట్టిన తిట్లు క్షమించు. ఆయన బిడ్డలను చల్లగా చూడు. ఆయన చేత మంచి పని చేయించు. నీళ్ల సంగతి నేనే పోయి మర్యాదగా అడుగుతాను, నాకు ధైర్యమియ్యి.”

ఆమె ప్రార్థన అంతే. నేను సిద్ధపరచుకొనిన ప్రసంగము దానియెదుట చిన్నదాయెను. ఆరాధన ముగిసి అందరు బయటికి వచ్చినప్పుడు, ఎదుటి వర్గములోని ఒక యౌవనస్థుడు దీపము పట్టుకొని ఆమెను ఇంటివరకు దిగబెట్టెను. ఆ రెండు ఇండ్లవారికి ఎన్నికల నాటినుండి మాటలు లేవు. ఆమె అడిగిన ప్రశ్నకు నేను ఇయ్యలేని బదులును ప్రభువు ఆమె నోటనే ఇచ్చెను. చూచువాడు సింహాసనాసీనుడైయున్నాడు, ఆయన మనలను ఒకరిచేత ఒకరిని చూపించును.

కావున ప్రియులారా, ఈ డిసెంబరు 31వ తేది రాత్రి మీరు గుడికి వచ్చునప్పుడు ముగ్గురి పేర్లు జ్ఞాపకముంచుకొని రండి. మీకు మేలు చేసి గతించిన ఒక నాయకునికొరకు దేవునికి స్తోత్రము చెప్పుడి. నేడు అధికారములోనున్న ఒకరికొరకు, విశేషముగా మీరు ఇష్టపడని ఒకరికొరకు, విన్నపము చేయుడి. మూడవ పేరు మీదే. మీ వీధిలో, మీ బడిలో, మీ సంఘములో ప్రభువు మిమ్మును ఏ పనికి పంపుచున్నాడో అడుగుడి.

ప్రార్థన: నిత్యుడవగు తండ్రీ, రాజులు గతింతురు, నీవు గతింపవు. మాకు మేలు చేసినవారినిబట్టి నీకు వందనములు. మమ్మును ఏలువారికి న్యాయబుద్ధిని, దీనులయెడల కనికరమును దయచేయుము. మా పెదవులను శుద్ధి చేయుము. వచ్చు యేట మమ్మును నీ పనికి పంపుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.