అడుగంటిన ఖిచిడీ, పత్తి మొక్క వేషం, ఒక చిన్న అబద్ధం



సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. మనకు సంతానాన్ని ప్రసాదించినవాడు ఆయనే. ఆ సంతానానికి ఉపాధి నిస్తున్నవాడూ ఆయనే. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక!

ఈ నెల మనం పెద్ద పెద్ద విషయాల జోలికి వెళ్ళడం లేదు. అసర్ నమాజ్ తర్వాత పిల్లలు బడి నుంచి వచ్చింది మొదలు, ఇషా తర్వాత వాళ్ళు నిద్రపోయే దాకా మన ఇళ్ళల్లో ఏం జరుగుతుందో దాన్ని గురించే మాట్లాడుకుందాం. పొయ్యి మీద గిన్నె, చేతిలో హోంవర్కు, చంకలో చంటిపిల్ల, గుమ్మంలో ఆకలితో భర్త. “ఈ గందరగోళంలో ఇబాదత్ ఎక్కడ కుదురుతుంది మౌలానా?” అని అక్కచెల్లెళ్ళు అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు జవాబు నాకు కితాబుల్లో కంటే ముందు నా ఇంట్లోనే దొరికింది. అది కూడా నేను తలదించుకోవలసిన విధంగా దొరికింది.

పరిటాలలో ఒక రాత్రి

నేను సంసారంతో పరిటాలలో ఉన్న రోజుల్లో జరిగిన సంగతి ఇది. విజయవాడ - హైదరాబాదు రహదారి మీద, నందిగామకు ఇవతల ఉన్న ఈ ఊరు నిన్నమొన్నటి వరకు కృష్ణా జిల్లాలోది. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో చేరింది. చుట్టూ బ్రిటిష్ పాలన ఉన్న కాలంలో ఇది నిజాం ఏలుబడిలో ఉండేది. వజ్రాల గనులకు పేరుపొందింది. ఇప్పుడు మాత్రం ఆ మెట్ట పొలాల్లో జనం చూసుకునేది పత్తిని, మిరపను.

నవంబరు నెల. పత్తి తీతల కాలం. పద్నాలుగో తారీఖు బాలల దినోత్సవానికి బడిలో వేషాల పోటీ పెట్టారు. రెండో తరగతి చదువుతున్న మా అమ్మాయి పది రోజుల ముందే నాకు చెప్పింది. “విజయవాడ వెళ్ళినప్పుడు అద్దెకు తెస్తాలే బేటా” అన్నాను. రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ మరిచిపోయాను. పదమూడో తారీఖు రాత్రి ఇషా నమాజ్ చేయించి ఖాళీ చేతులతో ఇల్లు చేరాను.

నా భార్య ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఆ రోజు ఎవరికో పెళ్ళి బట్టలు ఇవ్వవలసి ఉండి, అప్పుడే మిషను మీద నుంచి లేచి ఖిచిడీ పొయ్యి మీద పెట్టింది. పాప వచ్చి నా చేతులకేసి చూసింది. నేను వెంటనే, “పొద్దున్నే లేచి తెస్తాలే, పడుకో” అన్నాను. బడి గంట కొట్టే లోపల ఏ దుకాణమూ తెరవరని నాకు తెలుసు. తెలిసే ఆ మాట అన్నాను.

పాప ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది. లోపలి గదిలోకి వెళ్ళి నాలుగేళ్ళ తమ్ముడితో, “అబ్బా రేపు అన్నారంటే తేరని అర్థం” అంది. నేను మళ్ళీ పిలిచి, “ఇన్‌షా అల్లాహ్, తప్పకుండా తెస్తాను” అన్నాను. అప్పుడా పిల్ల అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. “ఇన్‌షా అల్లాహ్ అనకండి అబ్బా. తెస్తానని చెప్పండి.”

సోదరులారా! ఒక్కసారి ఆలోచించండి. ఏడేళ్ళ పసిపాప దృష్టిలో ‘అల్లాహ్ తలిస్తే’ అనే పవిత్రమైన మాటకు ‘లేదు’ అనే అర్థం వచ్చింది. ఆ అర్థాన్ని ఆమెకు నేర్పింది బడి కాదు, టీవీ కాదు. మదరసాలో చదువుకుని, శుక్రవారం మింబరు ఎక్కి ప్రసంగించే ఆమె తండ్రి నేర్పాడు.

ఖర్జూరం చూపి పిలిచిన తల్లి

అబ్దుల్లా బిన్ ఆమిర్ (రజి) తన చిన్ననాటి సంఘటన ఒకటి చెప్పారు. దాన్ని అబూ దావూద్ గ్రంథంలో చూడవచ్చు. దైవప్రవక్త (స) వాళ్ళ ఇంట్లో కూర్చుని ఉండగా, తల్లి ఆయన్ను ఏదో ఇస్తానని చెప్పి దగ్గరకు పిలిచింది. ఏం ఇవ్వదలచావని ప్రవక్త (స) ఆమెను అడిగారు. ఖర్జూరం ఇద్దామనుకున్నానని ఆమె చెప్పింది. నువ్వేమీ ఇవ్వకపోయి ఉంటే నీ పద్దులో ఒక అబద్ధం రాయబడేదని ఆయన హెచ్చరించారు.

ఈ హదీసును ఆ సంఘటనకు నెల రోజుల ముందే నేను జుమా ప్రసంగంలో వినిపించాను. వ్యాపారంలో అబద్ధం, సాక్ష్యంలో అబద్ధం అంటూ గట్టిగా చెప్పాను. ఆ హదీసులో ఉన్నది వ్యాపారి కాదు, ఒక తల్లి అనీ, ఆమె ఎదుట ఉన్నది ఒక పసివాడనీ నాకే తట్టలేదు.

మనం ఇళ్ళల్లో పిల్లలకు ఎన్ని చెబుతున్నామో లెక్క వేసుకోండి. “ఏడవకు, చాక్లెట్ కొంటాను.” “అన్నం తిను, బండి మీద తిప్పుతాను.” “అల్లరి చేస్తే పోలీసుకు పట్టిస్తాను.” వీటిలో ఎన్ని నిజం? పైగా ‘ఇన్‌షా అల్లాహ్’ను మన బద్ధకానికి అడ్డుతెరగా వాడుకుంటున్నాం. రేపు ఫలానా పని చేస్తానని అనేటప్పుడు అల్లాహ్ చిత్తాన్ని తలచుకోవాలని సూరా కహఫ్ బోధిస్తోంది. అంటే, నా ప్రయత్నం నేను పూర్తిగా చేస్తాను, ఫలితం మాత్రం నా చేతిలో లేదు అని ఒప్పుకోవడం. ప్రయత్నమే చేయదలచుకోనివాడు ఆ మాట పలికితే, తన అబద్ధానికి అల్లాహ్ నామాన్ని హామీగా పెట్టినట్లు కాదా?

గిన్నెలో ఏముందన్నది కాదు

ఆ రాత్రి నేను పాప ముందు కూర్చుని, “తప్పు నాదే బేటా. పొద్దున దుకాణం తెరవరని తెలిసే అలా చెప్పాను. మాఫ్ చెయ్యి” అన్నాను. తరువాత నా భార్యతో, “వంట నేను చూస్తాను, నువ్వు పిల్లకు ఏదైనా కుట్టగలవేమో చూడు” అన్నాను. ఖిచిడీ అడుగంటింది. పక్కన కోడిగుడ్డు పొరటు, గోంగూర పచ్చడి. అందరం ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్నాం. మాడిన వాసన వస్తోందని మా వాడు ముక్కు మూసుకున్నాడు. అందరం నవ్వుకున్నాం. గిన్నె ఖాళీ అయింది.

త్వరగా అయ్యే వంట చేసినందుకు మన అక్కచెల్లెళ్ళు ఎంతో బాధపడుతుంటారు. పత్తి తీతకు పోయి పొద్దుగూకి వచ్చిన తల్లి పప్పూ అన్నం వండితే, “ఇంతేనా?” అని మూతి విరిచే మగవాళ్ళున్నారు. ప్రవక్త (స) ఒకసారి ఇంట్లోవారిని నంచుకోవడానికి ఏముందని అడిగారు. సిర్కా తప్ప ఏమీ లేదన్నారు. ఆయన దాన్నే తెప్పించుకుని తింటూ, సిర్కా ఎంత మంచి వంటకమో అని మెచ్చుకున్నారు. జాబిర్ (రజి) ఈ సంగతిని ఉల్లేఖించారు. ఆయన ఏనాడూ భోజనానికి వంక పెట్టలేదనీ, ఇష్టమైతే తినేవారు, లేకుంటే వదిలేసేవారనీ అబూ హురైరా (రజి) తెలిపారు. నెల పొడుపులు మారిపోతున్నా ఆయన ఇళ్ళల్లో పొయ్యి రాజేయని రోజులున్నాయనీ, ఖర్జూరం, నీళ్ళే ఆహారమనీ హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు.

మరి బర్కత్ ఎక్కడుంది? తింటున్నా కడుపు నిండడం లేదని కొందరు సహచరులు మొరపెట్టుకున్నప్పుడు ఆయన వంటకం మార్చమనలేదు. విడివిడిగా తింటున్నారేమోనని అడిగి, కలిసి కూర్చుని, అల్లాహ్ పేరు తలచుకుని తినమన్నారు. ఆయన పోషణలో పెరిగిన ఉమర్ బిన్ అబీ సలమా (రజి) చిన్నప్పుడు పళ్ళెమంతా చెయ్యి తిప్పుతుంటే కసరలేదు. బిస్మిల్లాహ్ అనమని, కుడిచేత్తో తినమని, తన ముందున్నది తినమని చెప్పారు. ఆ మూడు మాటలూ ఆ పిల్లవానికి జీవితాంతం అలవాటై నిలిచాయి. నేడు మన ఇళ్ళల్లో బిర్యానీ ఉంది. కానీ ఒకరు టీవీ ముందు, ఒకరు ఫోను ముందు, తల్లి వంటగదిలో నిలబడి తింటున్నారు.

తిరగలి విసిరి చేతులు కాయలు కాసిన హజ్రత్ ఫాతిమా (రజి) పనిమనిషిని అడగడానికి తండ్రి దగ్గరకు వెళ్ళిన సంఘటన మీకు తెలిసిందే. నిద్రపోయే ముందు సుబ్‌హానల్లాహ్ 33 సార్లు, అల్‌హందులిల్లాహ్ 33 సార్లు, అల్లాహు అక్బర్ 34 సార్లు పఠించమని ఆయన నేర్పారు. అలసిన ప్రతి తల్లికీ ఇది గొప్ప కానుక. అయితే భర్తలకు ఒక మనవి. ఈ హదీసును మీ భార్యకు వినిపించి మీరు కాళ్ళు చాపుకుని కూర్చోకండి. ఆ హదీసు నేర్పిన ప్రవక్త (స) ఇంట్లో ఉన్నంతసేపు ఇంటివారి పనుల్లోనే ఉండేవారనీ, చెప్పులూ బట్టలూ తానే కుట్టుకునేవారనీ చెప్పింది కూడా హజ్రత్ ఆయిషా (రజి) గారే.

ఉన్నితో చేసిన ఆటబొమ్మ

ఇక వేషం సంగతి. మా పక్కింట్లో ఒక నానీ ఉండేవారు. నూర్‌బాషా కుటుంబం. వాళ్ళాయన బతికి ఉండగా దూది ఏకి పరుపులు కుట్టేవాడు. విషయం విని, పెరట్లో ఆరబోసిన పత్తిలోంచి దోసెడు దూదీ, నాలుగు పగిలిన కాయలూ తెచ్చారు. మా ఇంట్లో ఒక పాత ఆకుపచ్చ దుపట్టా ఉంది. నానీ దూది ఉండలు చేసి ఇస్తుంటే నా భార్య కుట్టింది. అట్టముక్కలతో ఆకులు నేను కత్తిరించాను. పదకొండు గంటలకు మా పాప పత్తి మొక్క అయింది! తమ్ముడు చుట్టూ తిరిగి పత్తి తీయబోతే కేకలు పెట్టింది. మర్నాడు బడికి నేనూ వెళ్ళాను. బహుమతి వేరొకరికి వచ్చింది. పాపకు ఆ దిగులే లేదు.

ఇదంతా దీన్‌కు సంబంధం లేని కాలక్షేపమని అనుకోకండి. ఆషూరా ఉపవాసం రోజున మదీనా తల్లులు ఏం చేసేవారో రుబయ్యి బిన్త్ ముఅవ్విజ్ (రజి) చెప్పారు. పిల్లల చేత కూడా ఉపవాసం పాటింపజేసేవారు. వారి కోసం ఉన్నితో ఆటబొమ్మలు చేసేవారు. ఎవరైనా ఆకలికి ఏడిస్తే ఇఫ్తార్ వేళ దాకా ఆ బొమ్మతో ఆడించేవారు. చూశారా! ఇబాదత్‌నూ ఆటనూ ఒకే చేత్తో అందించారు.

హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మల మధ్య గుడ్డపేలికల రెక్కలున్న గుర్రం ఒకటి ఉండేది. గుర్రానికి రెక్కలేమిటని ప్రవక్త (స) అడిగారు. సులైమాన్ (అలైహిస్సలాం) గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె ఎదురు ప్రశ్న వేశారు. ఆయన దవడ పళ్ళు కనిపించేలా నవ్వారు. హబషాలో పుట్టిన చిన్నారి ఉమ్మె ఖాలిద్‌ (రజి)ను పిలిపించి, రంగుల అంచున్న దుస్తును స్వయంగా తొడిగి, ఆ దేశపు భాషలోనే బాగుందని మెచ్చుకున్నారు. ఒక సమాజాన్ని నడిపించే వ్యక్తికి పసిపిల్ల గౌను అంచు చూసే తీరిక ఉంది. మనకు లేదా?

అయితే వేషాల విషయంలో కొన్ని హద్దులు గుర్తుంచుకోవాలి. ఇతరుల ఆరాధనకు సంబంధించిన రూపాలూ, చిహ్నాలూ మన పిల్లలకు వేయకూడదు. బడిలో అలాంటిది ఇస్తే టీచరుతో తగవు పడవద్దు. ముందుగా వెళ్ళి మర్యాదగా చెప్పి, మరో వేషం అడగండి, తప్పక అర్థం చేసుకుంటారు. మగపిల్లలకు ఆడవేషం, ఆడపిల్లలకు మగవేషం వద్దు. ఒక్క పూట కోసం అప్పు చేసి అద్దెలు కట్టడం వృథా ఖర్చు. వృథా ఖర్చు చేసేవారిని దివ్య ఖుర్ఆన్ షైతాను సోదరులతో పోల్చింది. ఈ హద్దుల లోపల రైతు ఉన్నాడు, పోస్ట్‌మన్ ఉన్నాడు, డాక్టరమ్మ ఉంది, మామిడి చెట్టుంది, మిరపకాయ ఉంది. ఇంట్లో పాత బట్ట, సూదీ దారం, ఒక గంట తీరిక చాలు.

మిగిలేది

రుబయ్యి (రజి) ఆటబొమ్మల ఉన్నిని చెప్పడానికి వాడిన పదం ‘ఇహ్న్’. దివ్య ఖుర్ఆన్‌లోని సూరా అల్ ఖారిఅలో కూడా అదే పదం ఉంది. ప్రళయదినాన పర్వతాలు ఏకిన ఉన్నిలా అయిపోతాయని ఆ సూరా వర్ణిస్తుంది. దూదేకుల ఇళ్ళ పక్కన పెరిగిన మనకు ఆ దృశ్యం ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. ఆ రోజు కొండలే నిలవవు. నిలిచేది త్రాసులో తూగే కర్మలే. పిల్ల కోసం ఉన్ని చుట్టిన తల్లి శ్రమ ఆ త్రాసులో ఉంటుంది. పిల్లకు చెప్పిన అబద్ధం కూడా ఉంటుంది.

మన ప్రాంతంలో వాన వెలిసిందంటే గుడిమెట్ల కొండల్లో వజ్రాల కోసం జనం వంగి వంగి వెదుకుతారు. దొరుకుతుందో లేదో తెలియని రాయి కోసం రోజంతా నడుం వంచేవాళ్ళం, ఇంట్లో అల్లాహ్ ఇచ్చిన అమానత్ ముందు అరగంట కూర్చోలేమా?

కనుక ఈ నెల మూడు పనులు చేద్దాం. రోజుకు ఒక్క పూటైనా, పచ్చడి మెతుకులైనా సరే, ఇంటిల్లిపాదీ బిస్మిల్లాహ్ అని కలిసి తిందాం. వారానికి ఒకసారి పిల్లలతో కూర్చుని చేత్తో ఏదైనా చేద్దాం. చేయలేనిదాన్ని చేయలేనని చెబుదాం. చేయదలచినప్పుడే ‘ఇన్‌షా అల్లాహ్’ అందాం.

మా పాప ఇప్పుడు పెద్దదైంది. నేను ‘ఇన్‌షా అల్లాహ్’ అంటే ఇప్పటికీ ఒక్క క్షణం నా ముఖంలోకి చూస్తుంది. ఆ చూపును నేను కాదనను. అది నాకు రావలసిందే.

ఓ అల్లాహ్! మా భార్యాబిడ్డలను మాకు కనుచలువగా చేయి. మా గిన్నెల్లో బర్కత్ ప్రసాదించు. మా పిల్లల ముందు మా నాలుకలను సత్యం మీద నిలుపు. వారి మనసుల్లో నీ నామం పట్ల మేము కలిగించిన అనుమానాన్ని తుడిచివేయి. ఆమీన్.